వరిగడ్డి మేపు, దూడల్లో తిరగబెట్టే పారుడు, దగ్గు: విటమిన్ ఎ లోపమేనా?

ప్రశ్న: మాకు నాలుగు ముర్రా గేదెలున్నాయి. నీటి ఎద్దడి వల్ల ఏడెనిమిది నెలలుగా వరిగడ్డి, తవుడు తప్ప పచ్చిమేత లేదు. ఈ మధ్య ఈనిన రెండు గేదెల దూడలకు పారుడు, దగ్గు వస్తున్నాయి. సూదిమందులు వేయిస్తే తగ్గినట్లే తగ్గి మళ్లీ మొదలవుతున్నాయి. కళ్ల వెంట నీరు కారుతోంది. ఒక దూడ పొద్దుగూకాక తొట్టికి, గుంజకు గుద్దుకుంటోంది. ఇది విటమిన్ ఎ లోపమని పక్క ఊరి రైతు అన్నారు. విటమిన్‌కూ ఈ జబ్బులకూ సంబంధం ఏమిటి? – ఒక రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: మీరు రాసిన లక్షణాల్లో చీకటిపడ్డాక దూడ తొట్టికి గుద్దుకోవడం చాలా ముఖ్యమైనది. రేచీకటి, కళ్ల నీరు, తిరగబెట్టే పారుడు, నెలల తరబడి పచ్చిమేత లేకపోవడం, ఈ నాలుగూ కలిసి కనిపిస్తున్నందున విటమిన్ ఎ లోపాన్ని గట్టిగా అనుమానించాలి. సాయంత్రం మసక వెలుతురులో దూడ నడిచే దారికి అడ్డంగా ఒక బకెట్టు పెట్టి చూడండి. పగలు తప్పుకుని పోయే దూడ అప్పుడు తగులుకుంటే రేచీకటి ఉన్నట్లే. వెంట్రుకలు గరుకుబారి, చర్మంపై తవుడు చల్లినట్లు పొట్టు లేస్తోందేమో కూడా గమనించండి.

విటమిన్ ఎ కంటిచూపుకు మాత్రమే అవసరమని చాలామంది అనుకుంటారు. కానీ దీనికి రోగనిరోధక శక్తితో ఉన్న సంబంధాన్ని శాస్త్రవేత్తలు 1920లలోనే గుర్తించారు. ముక్కు, ఊపిరి గొట్టాలు, పేగులు, కళ్లు, గర్భాశయం, వీటన్నింటి లోపలి పొర తడిగా, జిగురుగా ఉండి సూక్ష్మక్రిములను లోపలికి రానివ్వకుండా ఆపుతుంది. ఆ పొరలోని కణాలు సక్రమంగా తయారు కావాలంటే విటమిన్ ఎ కావాలి. అది చాలనప్పుడు జిగురు తగ్గి, పొర ఎండి గట్టిపడుతుంది. మామూలుగా హాని చేయని క్రిములు కూడా అక్కడ పాతుకుపోయి పారుడుకు, నెమ్ముకు కారణమవుతాయి. ఇక రక్తంలో క్రిములను మింగే తెల్లకణాల చురుకుదనానికి, పేగుల్లో రక్షక పదార్థాలు తయారవడానికి, టీకా వేసినప్పుడు శరీరం సరిగా స్పందించడానికి కూడా ఇది అవసరం. యాంటీబయాటిక్ ఉన్న క్రిములను చంపుతుంది గాని దెబ్బతిన్న పొరను బాగుచేయలేదు. మీ దూడల్లో జబ్బు తిరగబెట్టడానికి ఇది ఒక కారణం కావచ్చు.

పశువులకు ఈ విటమిన్ ప్రధానంగా పచ్చిమేతలోని కెరోటిన్ (శరీరం విటమిన్ ఎ గా మార్చుకునే పదార్థం) నుంచి లభిస్తుంది. ఎండలో ఆరి రంగు పోయిన వరిగడ్డిలో కెరోటిన్ దాదాపు ఉండదు, తవుడులోనూ అంతే. కాలేయంలోని నిల్వలతో పెద్ద గేదె కొన్ని నెలలు నెట్టుకొస్తుంది కాబట్టి దానిలో లోపం పైకి తెలియదు. దూడ మాత్రం నామమాత్రపు నిల్వతో పుడుతుంది. మాయ ద్వారా విటమిన్ చాలా కొద్దిగానే అందుతుంది. ఆ కొరతను ముర్రుపాలు తీర్చాలి. చూడి కాలమంతా తల్లికే పచ్చిమేత లేనప్పుడు ఆ ముర్రుపాలలోనూ విటమిన్ తగ్గుతుంది. అందువల్ల దూడలతోపాటు చూడి గేదెలకూ వైద్యం జరగాలి. గేదె పాలు తెల్లగా ఉన్నాయని లోపంగా భావించవద్దు. గేదె కెరోటిన్‌ను విటమిన్ ఎ గా మార్చేసుకుంటుంది కనుక ఆ పాలకు పసుపు రంగు రాదు.

ముందుగా దూడల పేడను పశువైద్యశాలలో పరీక్ష చేయించండి. గేదె దూడల్లో ఏలికపాములు, కాక్సీడియా అనే కంటికి కనిపించని పేగు పరాన్నజీవులు కూడా పారుడు కలిగిస్తాయి, పైగా పేగులను దెబ్బతీసి ఉన్న విటమిన్‌ను ఒంటబట్టనివ్వవు. విటమిన్ ఎ ఇంజెక్షన్‌ను సాధారణంగా కిలో శరీర బరువుకు 440 యూనిట్ల చొప్పున ఇస్తారు. మోతాదును, మళ్లీ ఎప్పుడు వేయాలన్నదాన్ని పశువైద్యాధికారే నిర్ణయించాలి. ఇది శరీరంలో నిల్వ ఉండే విటమిన్ కనుక ఎక్కువైతే హాని చేస్తుంది. దయచేసి సొంతంగా పదేపదే వేయించకండి. రేచీకటి దశలోనే వైద్యం అందితే చూపు మెరుగుపడుతుంది గాని, కంటి నరం నొక్కుకుపోయి పగలు కూడా చూపు పోతే తిరిగి రావడం కష్టం.

మేత విషయంలో, ఉన్న కొద్దిపాటి నీటితో బోరు దగ్గర నాలుగైదు సెంట్లలోనైనా హెడ్జ్ లూసర్న్ లేదా అలసంద పెంచి, ఆ పచ్చిమేతను చూడి గేదెలకు, దూడలకు ముందుగా కేటాయించండి. గట్లమీది అవిశ, మునగ ఆకులు కూడా కెరోటిన్‌కు మంచి వనరులు. సుబాబుల్ ఆకు మొత్తం మేతలో మూడో వంతు మించకూడదు. మిగిలిన పచ్చిమేతను నీడలో ఆరబెట్టండి. ఆకుపచ్చ రంగు ఎంత నిలిస్తే కెరోటిన్ అంత మిగిలినట్లు. ఖనిజ లవణ మిశ్రమాలన్నింటిలోనూ విటమిన్ ఎ ఉండదు, కొనేముందు సంచిమీది వివరాలు చదవండి.

మిగతా గేదెలు ఈనినప్పుడు దూడకు మొదటి గంట, రెండు గంటల్లోనే ముర్రుపాలు పట్టించాలి. మొదటి రోజు మొత్తంమీద దూడ బరువులో పదో వంతు అందాలి. వానలకు ముందు వేసే గొంతువాపు టీకాను మాత్రం ఈ లోపం సరిదిద్దేదాకా అని వాయిదా వేయకండి, పచ్చిమేతను ఇప్పుడే మొదలుపెట్టి టీకాను సమయానికే వేయించండి.