నారాయణగూడ బడి, పూనా పరీక్ష

ప్రశ్న: మా అమ్మమ్మ నారాయణగూడలోని మాడపాటి వారి బాలికల బడిలో చదువుకుని, మెట్రిక్ మాత్రం పూనా విశ్వవిద్యాలయం తరఫున రాసిందని మా ఇంట్లో చెప్పుకునేవారు. ఉస్మానియా ఊళ్లోనే ఉండగా, ఆడపిల్లలకు కోఠీ కాలేజీ కూడా ఉండగా, ఎక్కడో ఉన్న పూనా పరీక్ష రాయవలసిన అవసరం ఏమొచ్చింది?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: మీ ఇంట్లో చెప్పుకున్న మాట నిజమే. కాకపోతే ఆ పరీక్ష పెట్టింది ఈనాడు మనం పూనా విశ్వవిద్యాలయం అంటున్న సంస్థ కాదు. అది స్వాతంత్ర్యం వచ్చాక పుట్టింది. మీ అమ్మమ్మగారు రాసింది ధోండో కేశవ కార్వే 1916లో పూనాలో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయపు పరీక్ష. 1920లో విఠల్‌దాస్ ఠాకర్సీ దానికి 15 లక్షల రూపాయలు విరాళమిచ్చి తన తల్లి నాథీబాయి పేరు పెట్టించారు. 1936లో దాని కేంద్రం బొంబాయికి మారినా, మన పెద్దవాళ్ల నోట అది ‘పూనా పరీక్ష’గానో ‘కార్వే పరీక్ష’గానో మిగిలిపోయింది.

ఇక అవసరం ఏమొచ్చిందంటారా, చిక్కంతా భాష దగ్గర వచ్చింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగేది. ఉన్నత విద్యను ఇంగ్లీషులో కాక దేశభాషలో చెప్పాలన్న ఆలోచన ఆ రోజుల్లో చాలా సాహసమైనదే, అందుకు ఆ విశ్వవిద్యాలయాన్ని మెచ్చుకోవలసిందే. కానీ సంస్థాన ప్రజల్లో దాదాపు సగం మంది తెలుగువారు. మరాఠీ, కన్నడం మాట్లాడేవారు ఇంకా ఉన్నారు. వీరందరికీ ఉర్దూ కూడా ఇంగ్లీషులాగే నేర్చుకుని తీరవలసిన మరో భాష. ప్రాథమిక తరగతులు దాటితే సర్కారు బడి ఉర్దూ బడే.

ఈ అడ్డంకి మగపిల్లవాడికీ ఆడపిల్లకూ ఒకే ఎత్తులో లేదు. కొడుక్కు కచేరీలో నౌకరీ కావాలి, వకాలతు కావాలి, కాబట్టి తెలుగు కుటుంబాలు ఎంత కష్టమైనా వాడికి ఉర్దూ చెప్పించేవి. నౌకరీ ఊసే లేని కూతురికి పరాయి భాషలో లెక్కలూ చరిత్రా చెప్పించడానికి ఏ తండ్రికీ కారణం కనిపించేది కాదు. అందువల్ల 1924లో ఉస్మానియా కింద మహిళా కళాశాల మొదలైనా, తెలుగింటి అమ్మాయిల్లో ఎక్కువమందికి అక్కడిదాకా తీసుకుపోయే మెట్లే లేవు.

ఆ మెట్లు కట్టిన కథలో కార్వే పేరు ముందే ఒకసారి వస్తుంది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని ఆవరణలో సంఘ సంస్కార సభ జరిగింది. అధ్యక్షుడు కార్వే గారే. ఆ సభలో అల్లంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలి చేసి కూర్చోబెట్టారు. మనసు కష్టపెట్టుకున్న తెలుగువారు ఆ రాత్రే టేకుమాల రంగారావు గారి ఇంట్లో కూడి ఆంధ్ర జన సంఘానికి పునాది వేశారు. ఆ సంఘానికి వెన్నుదన్నుగా నిలిచిన మాడపాటి హనుమంతరావు గారు 1928లో నారాయణగూడలో బాలికలకు తెలుగు మాధ్యమంలో బడి నెలకొల్పడంలో ముఖ్యపాత్ర వహించారు. బడి పెద్దదై ఉన్నత తరగతులకు చేరేసరికి, తెలుగులో చదివిన పిల్లలకు పరీక్ష ఎవరు పెట్టాలన్న ప్రశ్న ఎదురైంది. ఉర్దూ మాధ్యమం లేని బడికి ఉస్మానియా గుర్తింపు దొరకలేదు. మాతృభాషలో బోధన, ఇంగ్లీషు ఒక తప్పనిసరి పాఠ్యాంశం అన్న సూత్రం మీద నడిచే కార్వే విశ్వవిద్యాలయం ఆ పిల్లలకు దారి చూపింది. తెలుగు మాటకు చోటు దక్కని సభకు అధ్యక్షత వహించిన పెద్దమనిషే, ఏళ్లు గడిచాక, తెలుగులో చదివిన ఆడపిల్లలకు పరీక్ష పెట్టి ఆదుకోవడం నాకు ఈ చరిత్రలో అన్నింటికంటే ఇష్టమైన ఘట్టం.

అసలు పరాయి ఊరి పరీక్ష రాయడం ఈ నగరానికి కొత్త కాదు. 1887లో ఏర్పడిన నిజాం కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచింది. అఘోరనాథ చటోపాధ్యాయ గారి అమ్మాయి సరోజిని, అదే మన సరోజినీ నాయుడు, పన్నెండేళ్ల వయసులో మద్రాసు మెట్రిక్యులేషన్ నెగ్గి పేరు తెచ్చుకుంది. అంటే ఇంగ్లీషులో చదివితే మద్రాసు, ఉర్దూలో చదివితే ఇక్కడి ఉస్మానియా, తెలుగులో చదివితే పూనా అన్నమాట. ఈ మూడు దారుల్లో మూడోదే అన్నింటికంటే కష్టమైనది, ఎందుకంటే కార్వే విశ్వవిద్యాలయానికి చట్టబద్ధమైన హోదా 1951 దాకా రాలేదు. ఆ యోగ్యతాపత్రం చేతబట్టుకుని పై చదువుకో ఉద్యోగానికో వెళ్లడం నల్లేరు మీద నడక కాదు. అది తెలిసి కూడా పిల్లలను పంపిన తల్లిదండ్రులు సర్టిఫికెట్ కోసం కాక చదువు కోసమే పంపారని అనుకోవాలి.

మీ ఇంట్లో పాత ట్రంకుపెట్టె ఏదైనా ఉంటే వెతికి చూడండి. మీ అమ్మమ్మగారి పత్రం మీద నాథీబాయి దామోదర్ ఠాకర్సీ అన్న పేరు కనబడితే, అది ఈ విశ్వవిద్యాలయం ఇచ్చినదే.

ప్రశ్న: 1924కు ముందు హైదరాబాదులో పరదా వల్ల ఆడవాళ్లకు చదువే లేదని ఒక ఉపన్యాసంలో విన్నాను. నిజమేనా?
– ఒక విద్యార్థి, బాగ్‌లింగంపల్లి

జవాబు: చదువే లేదనడం పొరపాటు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో ఎడ్వర్డ్ లారీ పనిచేసిన కాలంలో, 1885లో, హైదరాబాదు వైద్య పాఠశాల స్త్రీలను చేర్చుకుంది. అలా చేరిన రూపాబాయి ఫర్దూన్‌జీ 1889లో చదువు ముగించి, శస్త్రచికిత్సలప్పుడు క్లోరోఫాం ఇవ్వడంలో నిపుణురాలయ్యారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తుమందు వైద్యురాలిగా ఆమెను చెప్పుకుంటారు. మహిళా కళాశాల రావడానికి ముప్పై అయిదేళ్ల ముందే ఈ ఊరినుంచి వైద్యురాలు వచ్చిందన్నమాట. 1907లో గన్‌ఫౌండ్రీలో ఆరో నిజాం పేర మహబూబియా బాలికల పాఠశాల వెలిసింది. అయితే ఇవన్నీ పార్సీలకూ బెంగాలీలకూ, నవాబుల, పెద్ద ఉద్యోగుల ఇళ్లవారికీ అందిన చదువులు. తెరలు కట్టిన బండి ఏర్పాటు చేసుకోగలిగిన ఇంటికి పరదా బడికి అడ్డు కాలేదు. బండి లేని ఇల్లు, ఉర్దూ రాని ఇల్లు, ఈ రెండింటి సంగతీ చెప్పకుండా ఒక్క పరదా మీదనే నేరం మోపితే సగం కథ చెప్పినట్లవుతుంది.

ప్రశ్న: కోఠీ కాలేజీ మొదటినుంచీ ఆ రెసిడెన్సీ భవనంలోనే ఉండేదా? అది ఇప్పుడు కాలేజీయా, విశ్వవిద్యాలయమా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాదు

జవాబు: కాదు. 1924లో నాంపల్లి ప్రాంతంలో ఏడుగురు విద్యార్థినులతో మొదలైన ఆ కళాశాల కోఠీకి వచ్చింది 1949లో. నిజాం కొలువులో బ్రిటిషు వారి ప్రతినిధిగా ఉన్న రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కట్టించిన ఆ భవనం మీదికే 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ తమ అనుచరులతో దాడికి వెళ్లారు. తెల్లదొరల అధికారానికి గుర్తుగా నిలిచిన ఆ పెద్ద స్తంభాల వరండా, వాళ్లు వెళ్లిపోయిన రెండేళ్లకే ఆడపిల్లల తరగతి గదులకు ముంగిలి అయింది. హైదరాబాదు సంస్థానాన్ని భారతదేశంలో కలిపిన 1948 నాటి సైనిక చర్య తర్వాత ఉస్మానియా కూడా ఉర్దూ మాధ్యమం విడిచి ఇంగ్లీషుకు మారింది. దాంతో ఉర్దూ రాని ఇళ్లకు పాత అడ్డు తొలగింది గాని, దాని స్థానంలోకి తెలుగు రాలేదు. 1954లో నారాయణగూడలోనే, మాడపాటి వారి బడికి చేరువలో, రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పేర మహిళా కళాశాల, 1959లో బేగంపేటలో సెయింట్ ఫ్రాన్సిస్, 1968లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ నడిపిన ఆంధ్ర మహిళా సభ కళాశాల వచ్చాయి. కళాశాల స్థాయికి తెలుగులో పాఠ్యపుస్తకాలు సమకూర్చే పనికి తెలుగు అకాడమీ ఏర్పడింది కూడా ఆ 1968లోనే. అప్పటికి నారాయణగూడ బడికి నలభై ఏళ్లు.

ఇక మీ రెండో ప్రశ్న. 2022లో ప్రభుత్వం కోఠీ కళాశాలను మహిళా విశ్వవిద్యాలయంగా ఉన్నతీకరించింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు ప్రకటించింది. కాబట్టి అది ఇప్పుడు విశ్వవిద్యాలయమే. తెలుగువారికి మాత్రం ఇది తొలి మహిళా విశ్వవిద్యాలయం కాదు, ఆ స్థానం 1983లో తిరుపతిలో ఏర్పడిన శ్రీపద్మావతి మహిళా విశ్వవిద్యాలయానిది. బస్సు కండక్టరు మాత్రం ఇప్పటికీ ‘విమెన్స్ కాలేజ్’ అనే కేకేస్తాడు.