విలోమం, వ్యుత్క్రమం ఒకటేనా?

సందేహం: మా అమ్మాయి తెలుగు మీడియంలో ఇంటర్ చదువుతోంది. గుణకార విలోమం అన్నా వ్యుత్క్రమం అన్నా ఒకటేనని చిన్న తరగతుల్లో నేర్చుకుంది. ఇప్పుడు ‘విలోమ త్రికోణమితీయ ప్రమేయాలు’ పాఠంలో సైన్ విలోమానికి ‘1 బై సైన్’ అని రాస్తే తప్పన్నారు. ఈ రెండు మాటలకూ తేడా ఉందా?

సమాధానం: ఉంది. అయినా మీ అమ్మాయి పొరబడటంలో ఆశ్చర్యం లేదు. ‘గుణకార విలోమం’లో ముందున్న ‘గుణకార’ను మనమే వాడుకలో మింగేస్తున్నాం.

లోమం అంటే ఒంటిమీది వెంట్రుక. పిల్లి వీపును బొచ్చు వాలిన వైపు నిమిరితే అనులోమం, ఎదురు నిమిరితే విలోమం. వచ్చిన దారినే వెనక్కి వెళ్ళడం అన్నమాట. ఈ వెనకనడక లెక్కల్లో చాలా పాతది. జవాబు దగ్గర మొదలుపెట్టి, గుణించినచోట భాగిస్తూ, కలిపినచోట తీసేస్తూ వెనక్కి రమ్మని 499 నాటి ఆర్యభటీయం చెబుతుంది.

వ్యుత్క్రమం అలా కాదు. అది క్రమం తిరగబడటం. లవం కిందికి, హారం పైకి పోతాయి. 1/2 కాస్తా 2 అవుతుంది. 2తో గుణించిన పనిని వెనక్కి తిప్పాలంటే 1/2తో గుణించాలి కాబట్టి, గుణకారం దగ్గర మాత్రం ఈ రెండు మాటలూ కలుస్తాయి. సైన్ దగ్గర కలవవు.

జాతరలో జెయింట్ వీల్ చూడండి. ఇరుసు నేల నుంచి 12 మీటర్ల ఎత్తున ఉంది, చక్రం వ్యాసార్థం 10 మీటర్లు. ఇరుసుకు సమానమైన ఎత్తున ఉన్న కుర్చీ 30 డిగ్రీలు పైకి తిరిగితే, సైన్ 30 (ఇరుసు కన్నా ఎంత పైకి లేచిందో వ్యాసార్థంలో వంతుగా చెప్పే సంఖ్య) విలువ 1/2 కాబట్టి, 12కి 10లో సగం 5 కలిపి 17 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. ఇప్పుడు వెనక్కి అడుగుదాం: 17 మీటర్ల ఎత్తులో ఉన్న కుర్చీ ఎంత తిరిగింది? జవాబు 30 డిగ్రీలు. అదీ విలోమం. సైన్ 30కి వ్యుత్క్రమం అడిగితే వచ్చేది 2, అంటే ‘1 బై సైన్ 30’. దాని పేరు కోసీకెంట్ 30. ఒకటి కోణం, ఇంకోటి ఉత్త సంఖ్య.

కుర్చీ దిగేటప్పుడు 150 డిగ్రీల దగ్గర కూడా అదే ఎత్తులో ఉంటుంది. వెనక్కి నడిస్తే దారి ఇలా రెండుగా చీలుతుంది కాబట్టే -90 నుంచి 90 డిగ్రీల లోపలి కోణాన్ని ‘ప్రధాన విలువ’గా తీసుకుంటారు.

గందరగోళంలో సగం పాపం గుర్తుది. సైన్ నెత్తిన చిన్న -1 వేసే పద్ధతిని 1813లో ఇంగ్లండ్ గణితవేత్త జాన్ హెర్షెల్ తెచ్చాడు. ఘాతాంకాలు నేర్చుకున్న పిల్లలకు అది భాగహారంలాగే కనిపిస్తుంది. ఆ గుర్తు వచ్చినప్పుడల్లా మీ అమ్మాయిని ‘ఏ కోణానికి సైన్ ఇంత?’ అని పైకి చదవమనండి. భిన్నాన్ని తిరగేసేటప్పుడు వ్యుత్క్రమం అనే అనమనండి. విలోమం అనాలనిపిస్తే, ముందు ‘గుణకార’ను వదలకుండా.