పలక పట్టించే ముందు

గుంటూరు

చి. సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

విజయవాడ విద్యాధరపురం అంగన్‌వాడీలో టీచరుగా చేరావని, చేరిన వారంలోనే తల్లులు "మా వాడి చేత ఇంకా అ, ఆలు రాయించడం లేదేమిటి?" అని నిలదీస్తున్నారని రాశావు. ఉద్యోగం చేసినన్నాళ్లూ నేనూ ఆ ప్రశ్న విన్నదాన్నే. దానికి బెదిరి మూడేళ్ల పిల్లల చేత బలపం పట్టించి అక్షరాలు దిద్దించవద్దని చెప్పడానికే ఈ ఉత్తరం.

కారణం వాళ్ల చేతిలోనే ఉంది. పెద్దవాళ్ల మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. మూడేళ్లకు వాటిలో దాదాపు మూడు మాత్రమే ఎముకగా గట్టిపడతాయి, తక్కినవి ఇంకా మెత్తని మృదులాస్థిగానే ఉంటాయి. వేళ్ల కండరాలకూ అప్పటికి పట్టు చాలదు కాబట్టి, ఆ వయసు పిల్లలు బలపాన్ని పిడికిట్లో బిగించి చెయ్యంతా కదిలిస్తూ గీస్తారు. మూడు వేళ్లతో పట్టుకునే నేర్పు చాలామందికి నాలుగు దాటి అయిదారేళ్ల మధ్య కుదురుతుంది. అంతవరకు పిండి ముద్దలు పిసికించు, లావుపాటి పూసలు దారానికి గుచ్చించు, పాత కాగితాలు చింపించు, తడి ఇసుకలో వేలితో గీయించు, బట్టల క్లిప్పులు తాడుకు పెట్టించు. కొండమీది ఇళ్ల నుంచి వచ్చే పిల్లలు రోజూ మెట్లెక్కి దిగేవాళ్లే కనుక కాళ్ల సత్తువకు కొదవుండదు. నీ శ్రద్ధ వేళ్ల మీద ఉంచు.

లెక్కల సంగతీ అంతే. ఒకటి నుంచి వంద దాకా గడగడా అప్పజెప్పే నాలుగేళ్ల పిల్ల ముందు అయిదు చింతపిక్కలు వరుసగా పెట్టి, వాటికి ఎదురుగా మరో అయిదు పేర్చి, రెండూ సమానమేనా అని అడుగు. సమానమే అంటుంది. ఆమె చూస్తుండగానే ఒక వరుసను ఎడంగా జరిపి మళ్లీ అడిగితే, పొడుగ్గా ఉన్న వరుసలోనే ఎక్కువున్నాయంటుంది. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జీన్ పియాజే పిల్లల ఆలోచనను ఇలాంటి పరీక్షలతోనే గమనించారు. ఈ భ్రమ సాధారణంగా ఆరేడేళ్లకు తొలగిపోతుంది. కసిరితే ముందే తొలగిపోయేది కాదు. పిక్కకు పిక్క జతచేయిస్తూ, ఎక్కడ ఎక్కువున్నాయో ఆమెనే తేల్చుకోనివ్వు. (పిక్కలు ఇచ్చేటప్పుడూ తీసుకునేటప్పుడూ లెక్కపెట్టుకో. ముక్కులోనో చెవిలోనో దూర్చుకునేవాళ్లు ప్రతి జట్టులోనూ ఒకరుంటారు.)

అన్నిటికన్నా నేను పెద్దపీట వేసేది మాటకు. చదువు కంటికన్నా ముందు చెవిలో మొదలవుతుంది. "పలక"లో మొదట ఏ శబ్దం వినిపించిందో, అదే శబ్దంతో మొదలయ్యే మాట ఇంకేముందో చెప్పగలిగిన పిల్లకు తర్వాత "ప" దిద్దడం కష్టం కాదు. మధ్యాహ్నం గుడ్డు వలిచేటప్పుడు "లోపల పచ్చగా ఉన్నదేమిటి?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఓపికపట్టు, నువ్వే అందించేస్తే వాళ్లు మాట వెతుక్కోవడం మానేస్తారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు ఉర్దూలో జవాబిస్తే దాన్నే స్వీకరించి, తెలుగు మాటను పక్కన చేర్చు.

ఇక తల్లిదండ్రులు. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశగా, ఆటపాటల ద్వారా సాగాలని చెప్పింది. మెదడు వికాసంలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని కూడా అందులోనే ఉంది. ఈ రెండో మాట ఒక్కటీ విన్నవాళ్లు మరింత తొందరపడి కాన్వెంటుకు పరుగెడతారు, అది నాకు మొదటినుంచీ నచ్చని ధోరణి. వాళ్లతో వాదించకు. మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్లే తల్లులతో నేను, "మీ వేళ్లకు ఆ వేగం మొదటిరోజే వచ్చిందా?" అనేదాన్ని, వాళ్లు నవ్వి ఊరుకునేవారు. వీలైతే నెలకోసారి ఓ గంట కూర్చోబెట్టి పిల్లలు చేసే పనులు చూపించు.

అయితే తొందరపెట్టవద్దన్నానని అన్నిటికీ వేచిచూడకు. మూడేళ్లు నిండినా రెండు మూడు మాటలు కలిపి చెప్పని పిల్లలను, వెనకనుంచి పేరు పెట్టి పిలిస్తే తిరగని పిల్లలను వెంటనే గుర్తించి, ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్ఎమ్‌కు చెప్పు. పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలి. వాళ్లు వచ్చే రోజు ముందుగా తెలుసుకుని, ఆ పిల్లల తల్లిని ఆ రోజు పనికి వెళ్లకుండా ఉండమని అడుగు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ