కీబోర్డు వాయించేవాడు పాస్టర్ అయితే సంగీతం వదిలేయాలా?

"చర్చిలో చాలాకాలంగా కీబోర్డు వాయిస్తున్నాను, ఇప్పుడు మా పాస్టర్ అయ్యగారు నన్నూ పాస్టర్‌గా సేవలోకి రమ్మంటున్నారు, వెళ్తే సంగీతం వదిలేయాల్సి వస్తుందా" అని అడిగారు. వదలక్కర్లేదు బ్రదర్. కాకపోతే దానికంటే ముందు చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. పాట అయిపోయాక మీరు ఎక్కడ ఉంటున్నారు? వాయించేవాళ్ళం ఆఖరి పాట అవగానే వైర్లు చుట్టేసి, కీబోర్డు బ్యాగులో పెట్టుకుని, బండెక్కి ఇంకో కూటానికి పోతాం. పాస్టర్ గారి పని అప్పుడే మొదలవుతుంది.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాన్నగారి హార్మోనియం మీద చేయి తిరిగాక కీబోర్డు పట్టుకున్నాను. కృతజ్ఞత కూటం, చనిపోయినవాళ్ళ ఇంట్లో పెట్టే ఆదరణ కూటం, ఉజ్జీవ సభలు, గృహప్రవేశాలు, ఏది ఉన్నా పిలిచేవాళ్ళు. ఆచంట, నరసాపురం, చించినాడ వంతెన దాటితే రాజోలు, మలికిపురం, అన్నీ తిరిగాను. ఒక్క మాట ఇక్కడే చెప్పేస్తాను, చాలా ఏళ్ళుగా మనసులో ఉంది. సౌండ్ సిస్టమ్ అతనికి ముందే అడ్వాన్స్ ఇస్తారు, షామియానాకి ఇస్తారు, వంటమేస్త్రికి ఇస్తారు, వాయించేవాడి దగ్గరికి వచ్చేసరికి "దేవుని పని కదా బ్రదర్" అంటారు. పెట్రోలు ఎవరు పోయించాలి? ఇంట్లో పిల్లల ఫీజులు ఎవరు కట్టాలి? సంఘాలు ఈ పద్ధతి మార్చుకోవాలి, ఎవరో ఒకరు గట్టిగా అడగాలి.

సరే, నేను సేవలోకి ఎలా వచ్చానో చెప్తాను. 2022 జూలై గోదావరి వరద మీకు గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటి 25 లక్షల క్యూసెక్కుల పైన నీరు వదిలారు, లంకలన్నీ మునిగాయి. జనం గేదెల్ని, పిల్లల్ని వెంటబెట్టుకుని ఏటిగట్టు మీదికి చేరారు. మా సంఘం కుర్రాళ్ళం బియ్యం, మంచినీళ్ళ టిన్నులు పట్టుకుని వెళ్ళాం. ఆ రాత్రి బరకం కింద పడుకున్న ఒక పెద్దావిడ ఆయాసం ఎక్కువై చనిపోయింది. వాళ్ళ అయ్యగారు లంకలోనే ఎవరి మేడ మీదో కొన్ని కుటుంబాలతో ఉండిపోయారు, పడవలు ఆపేశారు, ఫోను కలవట్లేదు. ఆమె కొడుకు నన్ను ఏదో కూటంలో చూసినవాడే, వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "అన్నయ్యా, మా అమ్మకి నువ్వే ప్రార్థన చెయ్యాలి."

కరెంటు లేదు, కీబోర్డు లేదు. శ్రుతి ఇచ్చేవాడే లేడు. వెనకనుంచి ఒక ముసలాయన పాత కీర్తన ఒకటి బాగా కింది స్థాయిలో ఎత్తుకున్నాడు, తల మీద కండువా తడిసి ముద్దయిపోయి ఉంది, అయినా గొంతు వణకలేదు. ఆడవాళ్ళు అందుకున్నారు, నేనూ కలిశాను. పుస్తకం ఎవరి దగ్గరా లేదు, చరణాలన్నీ వచ్చాయి. పాడటం అయ్యాక నాకు వచ్చిన నాలుగు వాక్యాలు చెప్పి ప్రార్థన చేశాను. అంతటితో నా పని అయిందనుకున్నాను. అప్పుడు ఆ అబ్బాయి అడిగాడు, "అన్నయ్యా, అమ్మని ఎక్కడ పెడదాం?" వాళ్ళ సమాధుల దొడ్డి నిలువెత్తు నీళ్ళలో ఉంది.

గట్టు లోపలి ఊళ్ళో ఇంకో సంఘం వాళ్ళ దొడ్డి ఉంది. ఆ సంఘ పెద్దాయన ఇంటికి వెళ్తే "మా సభ్యులకే చోటు చాలట్లేదు, కుదరదు" అన్నారు. మన వాళ్ళలో ఈ గోడలు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, ఒకే బైబిల్ చదువుతాం, ఒకే బల్లలో చెయ్యి పెడతాం, ఆరడుగుల నేల దగ్గర మాత్రం నువ్వే సంఘం అని అడుగుతాం. నేను కదలకుండా ఆయన అరుగు మీదే కూర్చున్నాను. కొంతసేపటికి వాళ్ళావిడ బయటికొచ్చి "వరద తీసేదాకా ఆ తల్లిని గట్టు మీదే ఉంచమంటారా ఏంటండీ" అనేసరికి ఆయన లోపలికెళ్ళి తాళంచెవి తెచ్చి ఇచ్చారు. ట్రాక్టర్ మీద తీసుకొచ్చాం. రెండడుగులు తవ్వగానే ఊట నీరు వచ్చేసింది. ఇద్దరు తవ్వుతుంటే ఇద్దరు బకెట్లతో తోడారు, అందులో ఒకడిని నేను. ఆ పెద్దాయన కూడా వచ్చి చివర్న మట్టి వేశారు.

వరద తీశాక కూడా ఆ ఇంటికి వెళ్తూనే ఉన్నాను. గోడలకి అంటిన బురద కడగడం, నష్టపరిహారం కాగితాలు రాసిపెట్టడం, ఆదరణ కూటం. నా ప్రమేయం లేకుండానే నలుగురూ "అయ్యగారు" అనడం మొదలుపెట్టారు. ఆ తర్వాత మా సంఘ పెద్దలు పిలిచి మాట్లాడటం, బైబిల్ తరగతులు, చేతులుంచి ప్రార్థించి పాస్టర్‌గా నియమించడం, అవన్నీ మామూలుగా జరిగేవే.

అందుకే నేను గట్టిగా చెప్తాను, స్టేజీ మీద బాగా పాడుతున్నాడు కదా అని ఎవరినీ పాస్టర్ చెయ్యకూడదు. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయం తీసి చూడండి. మితానుభవుడై ఉండాలి, అతిథిప్రియుడై ఉండాలి, బోధింపతగినవాడై ఉండాలి అని ఉంది. గొంతు ఊసే లేదు. అలాగని పాటని తక్కువ చేసేవాళ్ళతోనూ నేను ఒప్పుకోను. కొలస్సయులకు రాసిన పత్రికలో పాటలతోనే ఒకరికొకరు బోధించుకోమన్నాడు. దావీదు కాలంలో మందిర గానానికి 288 మందిని నేర్పించి పెట్టారని దినవృత్తాంతాల మొదటి గ్రంథం చెప్తుంది. మన పురుషోత్తమ చౌదరి గారు కీర్తనలూ రాశారు, సువార్తా ప్రకటించారు. పాట పాడేవాడు వేరు, వాక్యం చెప్పేవాడు వేరు అన్న పద్ధతి మనం పెట్టుకున్నదే.

ఇంకోటి, మన డెల్టా సంగతి. 1836లో మిషనరీలు బౌడెన్, బీర్ గార్లు ఇండియాకి వచ్చి, తర్వాత నరసాపురం, పాలకొల్లు వైపు మొదలుపెట్టిన సువార్త పని ఒరవడిలో నడిచే కొన్ని సంఘాల్లో రొట్టె విరిచేటప్పుడు, అంటే ప్రభువు బల్ల ఆరాధనలో, ఇప్పటికీ వాయిద్యం ముట్టుకోరు. అక్కడ కూర్చుని చూస్తే తెలుస్తుంది ఎవరికి నిజంగా పాట వచ్చో. ఇప్పటి పిల్లలకి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయన్న సంగతే తెలియదు. ట్రాక్ పెట్టెయ్యడం, శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కెయ్యడం, యూట్యూబ్ కోసం షూటింగు. బాక్సుల మోతకి ముందు వరుసలో ముసలమ్మలు చెవుల్లో కొంగు పెట్టుకుంటున్నారు, ఆ సంగతి వాయించేవాళ్ళు తల ఎత్తి చూస్తే కదా!

మీరు ఏం చెయ్యాలంటే, అయ్యగారికి వెంటనే అవుననొద్దు, కాదనొద్దు. ఒక ఏడాది ఆయన వెంట ఆసుపత్రులకి, భూస్థాపనలకి, గొడవపడి మాట్లాడుకోని అన్నదమ్ముల ఇళ్ళకి కీబోర్డు లేకుండా వెళ్ళండి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు బాప్తీస్మానికి నీళ్ళెక్కడ అని ఆయన పడే టెన్షన్ కూడా పంచుకోండి. అప్పటికీ వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి. భార్య ఉంటే ఆవిడని ముందు అడగండి, ఎందుకంటే వేళాపాళా లేకుండా వచ్చేవాళ్ళకి అన్నం పెట్టేది ఆవిడే. ఇక సంగీతం అంటారా, మా సంఘంలో ఇప్పుడు ఇంటర్ చదివే అమ్మాయి వాయిస్తోంది, శనివారం సాయంత్రాలు నేనే నేర్పుతున్నాను, ఆ అమ్మాయికి పరీక్షలు వచ్చినప్పుడు నేనే వాయించి, లేచి వెళ్ళి వాక్యం చెప్తున్నాను. మీ దగ్గర కూడా అలా ఒకరిని ఇప్పటినుంచే చూసి పెట్టుకోండి.