డాక్టర్ సలహా: నొప్పి లేని పుండు దానంతటదే మానితే...

ప్రశ్న: నా వయసు 33. కూకట్‌పల్లిలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండు నెలల క్రితం మొదటిసారి ఒక సెక్స్ వర్కర్ దగ్గరికి వెళ్లాను. ఆమె ఎవరి కిందా కాకుండా సొంతంగా పనిచేస్తారు. మూడు వారాల తర్వాత అంగం మీద చిన్న పుండు వచ్చింది, నొప్పి లేదు. ఫ్రెండ్ చెప్పిన టాబ్లెట్లు మెడికల్ షాపులో కొని మూడు రోజులు వేసుకున్నాను, కొన్నాళ్లకు మానిపోయింది. మొన్న శనివారం రాత్రి ఇంకొకరిని కలిశాను. కండోమ్ చిరిగింది. ఇలా సొంతంగా పనిచేసేవాళ్ల దగ్గర రిస్క్ తక్కువేనా? టెస్ట్ రిపోర్ట్ అడగొచ్చా? ఓరల్‌కీ కండోమ్ కావాలా? ముందే ఏవైనా టాబ్లెట్లు వేసుకోవచ్చా? మాఘమాసంలో నా పెళ్లి. (పేరు వద్దన్నారు)

జవాబు: మీరు అడిగిన నాలుగింటికీ జవాబులు చివర్లో చెబుతాను. అడగకుండా ఒక్క వాక్యంలో దాటేసిన పుండు దగ్గరే నేను ఆగిపోయాను.

కలిసిన మూడు వారాలకు రావడం, నొప్పి లేకపోవడం, కొన్నాళ్లకు మానిపోవడం. ఈ మూడూ ఒకచోట కనిపిస్తే మా విభాగంలో ఎవరికైనా ముందు తట్టేది సిఫిలిస్. పాతవాళ్లు సవాయి అనేవారు. చూడకుండా, రక్తపరీక్ష లేకుండా అదేనని రాయను, రాయకూడదు కూడా. వేరే కారణాలూ ఉండొచ్చు. కానీ కాదని తేలేదాకా అదేననుకుని నడవడం మంచిది.

టాబ్లెట్లు పనిచేశాయని మీ నమ్మకం. ఈ పుండు ఏ మందూ వేయకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో దానంతటదే మానుతుంది. మీ టాబ్లెట్లకు ఆ పేరు దక్కింది, అంతే. పైన చర్మం మానినా లోపల క్రిమి రక్తంలో తిరుగుతూ ఉంటుంది. తర్వాత కొన్ని వారాలకో నెలలకో అరచేతుల్లో, అరికాళ్లలో దురద లేని ఎర్రటి మచ్చలు రావచ్చు, నోట్లో తెల్లటి పొక్కులు లేవొచ్చు, జుట్టు అక్కడక్కడా ఊడొచ్చు. ఆ మచ్చల్ని ఎలర్జీ అనుకుని మళ్లీ అదే షాపులో సిట్రిజిన్ కొనుక్కుని, అవి కూడా వాటంతటవే తగ్గిపోయాక సంతోషించినవాళ్లను నా ఓపీలో చూశాను. ఏళ్ల తర్వాత గుండె, నరాలు, మెదడు దాకా పోయే జబ్బు ఇది. మచ్చలు మీకు ఇప్పటికే వచ్చి పోయాయేమో గుర్తు చేసుకోండి.

మూడు రోజుల టాబ్లెట్లంటే అజిత్రోమైసిన్ అనుకుంటున్నాను. హైదరాబాద్‌లో జలుబుకీ అదే, గొంతునొప్పికీ అదే, ఇప్పుడు దీనికీ అదే! సిఫిలిస్‌లో ఈ మందుకు లొంగని రకాలున్నాయి. పైగా ఇలాంటి అరకొర వైద్యం వల్ల లక్షణాలు మరుగునపడి, తర్వాత చూసే డాక్టర్‌కు అసలు సంగతి అందకుండా పోతుంది. మూత్రంలో మంట వస్తే ‘వేడి చేసింది’ అని సబ్జా గింజలు, బార్లీ నీళ్లు తాగి పది రోజులు పోగొట్టుకునేవాళ్లు ఒక రకం, మెడికల్ షాపు కుర్రాణ్ని డాక్టర్ చేసేవాళ్లు ఇంకో రకం. ఆ అబ్బాయి తప్పేం లేదు, మీరు అడిగారు, అతను ఇచ్చాడు. షాపు మెట్లెక్కడానికి లేని మొహమాటం ఓపీ గుమ్మం దగ్గర ఎందుకొస్తుందో నాకు ఇన్నేళ్లకూ అర్థం కాలేదు.

చేయాల్సింది: సిఫిలిస్‌ను పట్టే రెండు రక్తపరీక్షలు, వీడీఆర్‌ఎల్, దాంతోపాటు టీపీహెచ్‌ఏ. పుండు వచ్చిన కొత్తలో వీడీఆర్‌ఎల్ నెగెటివ్‌గా రావచ్చు గానీ ఇంతకాలానికి సాధారణంగా బయటపడుతుంది. పాజిటివ్ అయితే తొలి దశకు ప్రామాణిక వైద్యం బెంజాథైన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు, పిరుదుకు ఇంజెక్షన్. నొప్పిగా ఉంటుంది, ఉన్నమాట చెప్పాలి కదా. పెన్సిలిన్ పడనివాళ్లు ముందే చెప్పాలి, ఆసుపత్రిలోనే చేయించుకోవాలి. ఆ తర్వాత నెలల తరబడి రక్తపరీక్ష తిరిగి చేస్తూ టైటర్ (వీడీఆర్‌ఎల్‌లో వచ్చే అంకె) తగ్గుతోందో లేదో చూస్తాం.

ఇక శనివారం సంగతి. మీ మెయిల్ సోమవారం సాయంత్రం వచ్చింది, నేను తెరిచింది గురువారం. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందుల కోర్సు (పెప్ అంటాం) 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత తొందరైతే అంత మంచిది, తర్వాత 28 రోజులు వాడాలి. ఆ గడువు మంగళవారం రాత్రితో అయిపోయింది. పత్రికకు రాసి జవాబు కోసం చూసే విషయం కాదండీ ఇది. ఆదివారం తెల్లారేసరికి గాంధీలోనో ఉస్మానియాలోనో క్యాజువాలిటీ మెట్టెక్కి ‘కండోమ్ చిరిగింది’ అని రెండు ముక్కలు చెప్పి ఉంటే సరిపోయేది. ఎప్పుడైనా అనుమానమొస్తే 1097కు ఫోన్ చేయండి, ఎయిడ్స్ హెల్ప్‌లైన్, ఖర్చు లేదు.

ఇప్పుడైనా హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు చేయించండి. ఈరోజు నెగెటివ్ వస్తే శనివారానికి అది జవాబు కాదు, మీ పాత పరిస్థితి మాత్రమే తెలుస్తుంది. నాలుగో తరం పరీక్ష (వైరస్ భాగాన్నీ, దానిమీద ఒంట్లో తయారైన యాంటీబాడీల్నీ రెండూ చూసేది) అయితే 45 రోజులకు, మామూలు రాపిడ్ కిట్ అయితే మూడు నెలలకు మళ్లీ చేయాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ (కౌన్సెలింగ్, పరీక్ష) కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం. మీ వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టంలోనే ఉంది. హెపటైటిస్ బీ టీకా వేసుకోకపోతే ఇప్పుడే మొదలుపెట్టండి: ఇప్పుడొకటి, నెల తర్వాత ఇంకొకటి, ఆరో నెలలో మూడోది. ఈ పది రోజుల్లో మూత్రంలో మంటో చీమో కనబడితే ఆగొద్దు.

ఇంకో మాట. శనివారం కలిసిన ఆమె నుంచి మీకేం వచ్చిందోనని కంగారుపడుతున్నారు. అప్పటికే మీ రక్తంలో ఏదైనా ఉండి ఉంటే, మీ నుంచి ఆమెకేం వెళ్లిందో? పరీక్షలో తేలితే ఇద్దరికీ ఒక మెసేజ్ పెట్టండి. అది మర్యాద మాత్రమే కాదు, వైద్యంలో భాగం.

మీ ప్రశ్నలు. సొంతంగా పనిచేయడం ఆమె పని పద్ధతి, రక్తపరీక్ష ఫలితం కాదు. సొంతంగా ఉన్నందుకు కండోమ్ విషయంలో గట్టిగా నిలబడే వీలు ఆమెకు ఉండొచ్చు, మీరు దానికి ఎదురు బేరమాడకపోతే. రిపోర్ట్ అడగొచ్చు, ముందు మీది చూపించండి. అయినా నిన్నటి రిపోర్ట్ నిన్నటిదాకే. ఓరల్‌కీ కావాలి. హెచ్‌ఐవీ ప్రమాదం దాంతో చాలా తక్కువే గానీ సిఫిలిస్, గనేరియా, హెర్పిస్ అలా కూడా వస్తాయి. చిరగడానికి తరచుగా కారణం కొబ్బరినూనె, వ్యాజిలైన్, లేదంటే నెలల తరబడి పర్సులో నలిగిన ప్యాకెట్. నీటి ఆధారిత జెల్ వాడండి, రెండు కలిపి తొడగొద్దు. ముందుజాగ్రత్త టాబ్లెట్లు, అంటే ప్రెప్, ఉన్నాయి గానీ హెచ్‌ఐవీ నెగెటివ్ అని తేలాక, కిడ్నీ పరీక్ష చూసి డాక్టర్ రాయాలి. అవి సిఫిలిస్‌ను ఆపవు.

మాఘం దాకా మిగిలినవి కొద్ది నెలలే. రిపోర్టులు, అవసరమైతే వైద్యం, తిరిగి పరీక్ష అన్నీ ఈలోపు పూర్తి కావాలి. తేలకపోతే ముహూర్తం వెనక్కి జరపండి, ఏ వంకైనా దొరుకుతుంది. రేపు మీ ఆవిడ గర్భంతో ఉన్నప్పుడు రాసే మొదటి పరీక్షల్లో ఇది బయటపడటం కంటే అదే సులువు. కడుపులో బిడ్డకూ సోకే జబ్బు ఇది.

ఇది మీ ఉత్తరం చదివి ఇచ్చిన సాధారణ సలహా, పరీక్షించి చెప్పింది కాదు. ఈ వారంలోనే దగ్గర్లోని చర్మ, సుఖవ్యాధుల విభాగానికి వెళ్లండి. ఆ టాబ్లెట్ల స్ట్రిప్ పారేయకపోతే వెంట తీసుకెళ్లండి.