సరస్వతి ఆకు మతిమరుపుకి పనిచేస్తుందా? మా అత్తగారికి వాడాం, చెబుతాను

మీ నాన్నగారికి అల్జీమర్స్ మొదలైందన్నారు, సరస్వతి ఆకు, బ్రాహ్మి లాంటివి ఎవరైనా వాడి చూశారా అని అడిగారు. మేం వాడాం, మా అత్తగారికి. బ్రహ్మాండంగా పనిచేసిందని మా బంధువుల్లో సగంమంది ఇప్పటికీ ఒట్టేసి చెబుతారు. నేను మాత్రం ఒప్పుకోను. ఎందుకో వినండి.

మా అత్తగారిది పొందూరు. చిన్నప్పట్నుంచీ పత్తి ఏకి నూలు వడికిన మనిషి. అక్కడ సన్నఖద్దరు కోసం పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు, మీరు వినే ఉంటారు. జబ్బు వచ్చాక ఆవిడ శ్రీకాకుళంలో మా దగ్గరే ఉన్నారు. ఒక వేసవిలో ఉన్నట్టుండి బాగా తేడా చేసింది. రాత్రుళ్లు నిద్ర లేదు. ఎప్పుడో పోయిన తమ్ముడు వీధిలో నిలబడ్డాడు, తలుపు తీయమని గొడవ. అన్నం పెడితే విషం కలిపారని కంచం తోసేసేవారు. మా ఆడపడుచు, అంటే మా వదిన, ఆమదాలవలస నుంచి సంచినిండా సరస్వతి ఆకు తెచ్చింది. రోజూ పరగడుపున రసం తీసి పట్టించడం ఆవిడ డ్యూటీ. అదే వారంలో డాక్టరు మూత్ర పరీక్ష రాశారు. ఇన్ఫెక్షన్ అని తేలింది, యాంటీబయాటిక్ కోర్సు ఇచ్చారు. ముసలివాళ్లకి మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే జ్వరం, మంట లేకుండానే మతి తప్పొచ్చట. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

కోర్సు అయ్యేసరికి నిద్ర పట్టింది. ఒక పొద్దున్న వసారాలో చాప మీద కూర్చుని, పత్తి ఒళ్లో వేసుకుని, చేప దవడ పట్టుకుని ఏకడం మొదలుపెట్టారు. మా వదిన వెంటనే ఫోన్ తీసి వీడియో పట్టింది. "సూసినావా, రసం పోస్తే మా యమ్మ మళ్లీ మనిసైంది! మీ డాక్టర్లు ఏటి సేసినారు?" అంది నాతో. మధ్యాహ్నానికల్లా వీడియో ఫ్యామిలీ గ్రూపులో తిరిగింది. రాజాం నుంచి, పాలకొండ నుంచి ఒకటే ఫోన్లు. రసం ఎంత పొయ్యాలి, పాలల్లోనా తేనెలోనా, ఆకు ఎక్కడ దొరుకుతుంది అని. ఆ యాంటీబయాటిక్ పేరేమిటని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. కప్పల పెళ్లి చేసిన సాయంత్రం వాన పడితే కప్పలకి దండం పెట్టినట్టే ఉంది వ్యవహారం.

అసలు ఆ ఏకడం ఆవిడ ఎప్పుడూ మరిచిపోలేదు. కొడుకుని తమ్ముడనుకుంటున్న రోజుల్లో కూడా పత్తి చేతికిస్తే చెయ్యి దాని పని అది చేసుకుపోయేది. ఈ జబ్బులో నిన్న ఏం తిన్నామన్నది ముందు పోతుంది, ఏళ్ల తరబడి చేతికి అలవాటైన పని చాలాకాలం నిలుస్తుంది. కాబట్టి ఆ వీడియోతో రుజువయ్యేది ఏమీ లేదు. మంచి రోజులు, చెడ్డ రోజులు వాటంతట అవే వస్తూ పోతూ ఉంటాయి. మందు ఎప్పుడూ చెడ్డ రోజునే మొదలుపెడతాం, తర్వాత వచ్చిన మంచి రోజుని ఆ మందు ఖాతాలో వేస్తాం.

అందుకే పోల్చి చూసే పరీక్ష కావాలంటాను. జింకో ఆకు సంగతే చూడండి. జ్ఞాపకశక్తికని ప్రపంచమంతా మాత్రలు అమ్ముతారు. అమెరికాలో 75 ఏళ్లు దాటిన 3,069 మందిని తీసుకుని, సగంమందికి జింకో, సగంమందికి ఉత్త మాత్ర ఇచ్చి సుమారు ఆరేళ్లు చూశారు. ఎవరికి ఏది ఇచ్చారో వాళ్లకీ తెలియదు, చూసే డాక్టర్లకీ తెలియదు. 2008లో ఫలితం వచ్చింది. డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులన్నిటికీ కలిపి పేరు) రాకుండా ఆపడంలో రెండింటికీ తేడా లేదు. ఫ్రాన్సులోనూ అలాంటి పెద్ద పరీక్షే చేస్తే అదే తేలింది.

అలాగని మొక్కలన్నీ దండగ అనడం లేదు. స్నోడ్రాప్ అనే తెల్లపూల మొక్కలో దొరికిన గాలంటమిన్‌ని 2001లో అమెరికాలో అల్జీమర్స్ మందుగా ఒప్పుకున్నారు. మెదడులో జ్ఞాపకశక్తికి కావలసిన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని విరిచేసే ఎంజైమ్‌ని అది అడ్డుకుంటుంది. జబ్బు నయం కాదు, కొందరికి కొన్నాళ్లు కాస్త ఊరట. మన సర్పగంధ నుంచి బీపీ మందు రాలేదా మరి? పరీక్షకి నిలబడిన మొక్క మందవుతుంది.

మరి మన సరస్వతి ఆకు, బ్రాహ్మి ఎందుకు ఆ స్థాయికి రాలేదంటే, నన్నడిగితే ఎలుకల దగ్గరే ఆగిపోయాం. ఉమ్మెత్తలో ఉండే స్కోపొలమైన్‌ని ఎలుకకిచ్చి దానికి మతిమరుపు తెప్పిస్తారు. తర్వాత ఆకు సారం ఇచ్చి, దారి కనుక్కుంటుందో లేదో చూస్తారు. ఉమ్మెత్త మత్తు వేరు, అల్జీమర్స్‌లో ఏళ్ల తరబడి మెదడు కణాలు చచ్చిపోవడం వేరు. ఇలాంటి పేపర్లలో సగం థీసిస్ పూర్తి చేయడానికే రాస్తారని నా గట్టి నమ్మకం. బ్రాహ్మి మీద ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో చిన్న ట్రయల్స్ జరిగాయి, కొన్నిటిలో గుర్తుపెట్టుకోవడం కొంచెం మెరుగైంది. జబ్బు ఉన్నవాళ్ల మీద జింకోకి చేసినంత పెద్ద పరీక్ష మాత్రం జరగలేదు. పైగా బజార్లో రెండు వేర్వేరు మొక్కల్ని బ్రాహ్మి అనే అమ్ముతారు. పొడి కొట్టాక సీసాలో ఏదుందో మనకెలా తెలుస్తుంది?

ఇంకో చిరాకు. విశాఖలో న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళితే అక్కడి అసిస్టెంటు కుర్రాడు జ్ఞాపకశక్తి పరీక్ష అంటూ "ఈరోజు తేదీ ఎంత మామ్మా?" అని అడిగాడు. మా అత్తగారికి బాగున్న రోజుల్లో కూడా ఇంగ్లీషు తేదీ తెలీదు బాబూ! పోలేరమ్మ పండగ ఎన్నాళ్లుందో అడిగితే చెప్పేవారు. మార్కులు తక్కువ వేసేశాడు. హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో చదువు రాని పెద్దల కోసం ఈ ప్రశ్నలన్నీ ఏనాడో మార్చి రాశారు. మన దేశంలో 60 దాటినవాళ్లలో 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో లెక్క వేశారు. మన పల్లెటూరి పెద్దలకి తగిన ప్రశ్నలతో, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే ఈ ఆకుని పరీక్షించొచ్చు. ఆకుకి కరువా, ముసలివాళ్లకి కరువా? చెయ్యాలన్న మనసే లేదు.

ఇక పొడులు, భస్మాల జోలికి మాత్రం వెళ్లకండి. అమెరికాలో ఇంటర్నెట్‌లో దొరికే 193 ఆయుర్వేద మందులు కొని పరీక్షిస్తే దాదాపు ఐదో వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. మీది ఉద్దానం వైపు అయితే నేను చెప్పక్కర్లేదు. కారణం తేలని కిడ్నీ జబ్బుతో ఇప్పటికే అల్లాడుతున్న ఊళ్లలో పేరు తెలియని పొడి ఎవరు మింగిస్తారండీ?

మీరు ముందు విటమిన్ బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. అవి తక్కువైనా మతిమరుపు వస్తుంది, దానికి మందుంది. మా అత్తగారికి వచ్చినట్టు ఉన్నట్టుండి మతి తప్పితే మూత్ర పరీక్ష మరవకండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడుతుంటే జింకో మాత్రలు డాక్టర్ని అడక్కుండా వద్దు, రక్తం కారే ప్రమాదం ఉంది. సరస్వతి ఆకు పచ్చడి అంటే నాన్నగారికి ఇష్టమైతే చేసి పెట్టండి, కానీ దాన్ని నమ్ముకుని డాక్టరిచ్చిన మాత్రలు ఆపొద్దు. మా వదిన వీడియో ఎవరైనా పంపిస్తే ముందుకి ఫార్వర్డ్ చేయకండి.