చిత్రకారులకు ఇంటి అద్దె గ్రాంటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను చాలా ఏళ్లుగా తైలవర్ణ చిత్రాలు వేస్తున్నాను. ఉండేది అద్దెలు మండిపోతున్న మహానగరంలో. బొమ్మ అమ్ముడుపోయిన నెల ఎలాగో గట్టెక్కుతాను, లేని నెల అద్దె బాకీ పడుతుంది. అగ్రిమెంటు పదకొండు నెలలకే కాబట్టి ప్రతి ఏడూ ఇల్లు వెతుక్కోవలసి వస్తుందేమోనన్న బెంగ తప్పడం లేదు. కళాకారుల నివాస ఖర్చులకు గ్రాంటులు ఇస్తారని విన్నాను. అవి నిజంగా అద్దెకు పనికివస్తాయా? దరఖాస్తులో ఏం రాయాలి?
– ఒక చిత్రకారిణి

జవాబు: పనికివస్తాయి. అయితే ఏ సంస్థ దేనికి ఇస్తుందో, దేనికి ఇవ్వదో ముందుగా చదువుకోకపోతే దరఖాస్తుకు పడిన శ్రమంతా వృథా అవుతుంది. న్యూయార్క్‌లోని పొలాక్-క్రాస్నర్ ఫౌండేషన్‌నే తీసుకోండి. చిత్రకారిణి లీ క్రాస్నర్ వదిలి వెళ్లిన ఆస్తితో 1985లో ఏర్పడిన ఈ సంస్థ, ఇతర దేశాల చిత్రకారులకూ శిల్పులకూ కూడా, పనితనాన్నీ ఆర్థిక అవసరాన్నీ కలిపి చూసి గ్రాంటు ఇస్తుంది. ఆ డబ్బును స్టూడియో అద్దెకూ, బతుకు ఖర్చులకూ వాడుకోవచ్చు. పాత బాకీలు తీర్చడానికి, ఇల్లు కొనడానికి, మరో ఊరికి మకాం మార్చడానికి మాత్రం ఇవ్వదు. అంటే మీరు బాకీ పడిన అద్దె గురించే దరఖాస్తు నిండా రాస్తే అది అక్కడితో ఆగిపోతుంది. రాబోయే ఏడాదిలో చేయదలచిన పనికి స్థిరమైన చోటు ఎందుకు అవసరమో రాస్తే పరిశీలనకు వస్తుంది. అదే నగరంలో ఉన్న గాట్‌లీబ్ ఫౌండేషన్ అత్యవసర గ్రాంటు తీరు వేరు. కనీసం 10 ఏళ్లు పరిణతితో పనిచేసిన చిత్రకారులకూ శిల్పులకూ, అగ్నిప్రమాదం, వరద, అనారోగ్యం వంటి అనుకోని ఆపద వచ్చినప్పుడు అది ఆదుకుంటుంది. ఆదాయం సరిపోకపోవడం దాని లెక్కలో ఆపద కాదు. కఠినంగా అనిపించినా, ఈ రంగంలో చాలా సంస్థల పద్ధతి ఇదే.

నెలనెలా నిలకడగా డబ్బు అందించే పథకాలు అరుదు. ఐర్లండ్ ప్రభుత్వం 2022లో 2,000 మంది కళాకారులకు, కళారంగ కార్మికులకు వారానికి 325 యూరోల చొప్పున ఇవ్వడం మొదలుపెట్టింది. అర్హులు చాలా ఎక్కువమంది ఉండడంతో ఎవరికి ఇవ్వాలో లాటరీ పద్ధతిలో తేల్చారు. ఆ మొత్తాన్ని ఆదాయంగానే లెక్కగట్టారు కాబట్టి దానిపై పన్ను పడింది, ఇతర సంక్షేమ సాయం పొందుతున్నవారికి ఆ మేరకు కోత కూడా పడింది. మీకు ఇప్పటికే ఏదైనా అద్దె రాయితీ అందుతుంటే, గ్రాంటు సొమ్ము ఖాతాలో పడగానే ఆ రాయితీ పోతుందేమో సంతకం పెట్టకముందే అడిగి తెలుసుకోండి. ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకునే నిబంధనలు ఎక్కువగా అక్కడే ఉంటాయి.

ఇక అసలు విషయం. ఒక్కసారి వచ్చే గ్రాంటును నెలవారీ అద్దెలో కరిగించకండి. అలా చేస్తే కొన్ని నెలలు నిశ్చింతగా గడుస్తాయి, ఆ తర్వాత మీరు ఇప్పుడున్న చోటే ఉంటారు. ఆ డబ్బుతో గడువు కొనుక్కోవాలి. ఇంటి యజమానితో ముందుగానే మాట్లాడి, పెద్ద అడ్వాన్సు ఇస్తే మూడేళ్ల అగ్రిమెంటుకు, ఏటా ఇంతకు మించి అద్దె పెంచననే షరతుకు ఒప్పుకుంటాడేమో కనుక్కోండి. ఒప్పుకుంటే ఆ మాట కాగితం మీద రాయించుకుని దరఖాస్తుకు జతచేయండి. గ్రాంటు వస్తే ఏం మారుతుందో అంత స్పష్టంగా చూపే కాగితం మరొకటి ఉండదు.

ఆదాయం పట్టిక దగ్గర చాలామంది కళాకారులు తడబడతారు. ఏడాది మొత్తాన్ని పన్నెండుతో భాగించి సగటు రాసేస్తారు; అది చూసిన కమిటీకి మీ పరిస్థితి ఫరవాలేదనిపిస్తుంది. అలా కాకుండా గత రెండేళ్లకు నెలల వారీగా రాయండి: ఒక వరుసలో వచ్చినది, పక్కనే కట్టిన అద్దె, ఆ పక్కన అద్దె ఏ తేదీన కట్టారన్నది. ఏప్రిల్‌లో ఒక కాన్వాసు అమ్ముడై, ఆ తర్వాత ఆగస్టు దాకా ఏమీ రాకపోతే, ఆ ఖాళీ గళ్లే మీ తరఫున మాట్లాడతాయి. అమెరికా గృహనిర్మాణ శాఖ ఆదాయంలో 30 శాతానికి మించి ఇంటి ఖర్చుకు పోతే భారమనీ, సగానికి మించితే తీవ్ర భారమనీ లెక్కిస్తుంది. మీ శాతం ఎంతో పట్టిక కింద ఒక్క వాక్యంలో రాస్తే చాలు.

గ్రాంటుతో పాటు కళాకారుల కోసమే కట్టిన లేదా మార్చిన నివాసాల వెయిటింగ్ లిస్టులో కూడా పేరు నమోదు చేయించుకోండి. న్యూయార్క్‌లో వెస్ట్‌బెత్ అనే భవన సముదాయం ఉంది. ఒకప్పటి బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలను మార్చి, 1970లో 384 ఇళ్లతో ప్రారంభించారు. ఉండడానికీ పనిచేసుకోవడానికీ ఒకే చోటు, అద్దె మార్కెట్ కంటే బాగా తక్కువ. అందులో చేరినవారిలో చాలామంది వృద్ధాప్యం దాకా అక్కడే ఉండిపోయారు, జాబితా ఏళ్ల తరబడి కొత్త పేర్లకు మూతపడింది. బయట నిలబడినవారికి కోపం రావడం సహజమే గాని, ఆ భవనం కట్టిన ఉద్దేశం నెరవేరిందనడానికి నేను దాన్నే రుజువుగా చూస్తాను. అటువంటివి చాలా తక్కువగా ఉండడం అసలు లోపం.

ప్రశ్న: మేము నలుగురం శిల్పులం, చిత్రకారులం. అద్దె తక్కువని ఒక పాత గోదాములో పనిచేస్తూ అక్కడే ఉంటున్నాం. అగ్రిమెంటులో వ్యాపార అవసరానికని మాత్రమే ఉంది. దీనితో నివాస గ్రాంటు అడగవచ్చా?
– ఒక శిల్పి

జవాబు: అద్దెకు సాయం చేసే పథకాలు సాధారణంగా నివాసానికి రాసుకున్న అగ్రిమెంటు అడుగుతాయి కాబట్టి ఇప్పుడున్న కాగితంతో కష్టం. అబద్ధపు చిరునామా మాత్రం పెట్టకండి. న్యూయార్క్ రాష్ట్రం 1982లో లాఫ్ట్ చట్టం తెచ్చి, వాణిజ్య భవనాల్లో కాపురముంటున్న అద్దెదారులను ఖాళీ చేయించకుండా రక్షణ కల్పించింది, ఆ భవనాలను నివాసయోగ్యంగా మార్చే బాధ్యతను యజమానుల మీద పెట్టింది. మీరున్న చోట అటువంటి చట్టం ఉందేమో అద్దెదారుల సంఘాన్నో న్యాయవాదినో అడగండి.

గ్రాంటు కంటే ముందు భద్రత చూసుకోండి. 2016 డిసెంబరు 2న కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో, కళాకారులు నివసిస్తున్న ఘోస్ట్ షిప్ అనే గోదాము ఒక సంగీత కార్యక్రమం జరుగుతుండగా తగలబడి 36 మంది చనిపోయారు. అది నివాసానికి అనుమతి ఉన్న భవనం కాదు, మంటలు ఆర్పే స్ప్రింక్లర్లు లేవు. మీ గోదాములో బయటికి రెండు దారులు ఉండాలి, వాటికి అడ్డంగా ఫ్రేములూ పెట్టెలూ పేర్చకూడదు, పడుకునే చోట పొగ అలారం ఉండాలి. అవిసెనూనె తుడిచిన గుడ్డలు ఉండలుగా చుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో తడిపి, మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి, ఏ రోజువి ఆ రోజే బయటికి పంపేయండి.